ప్రమోషన్ అడగబోతే ఇంగ్లీషు గొంతులో అడ్డం పడుతోందా?

మార్చి వస్తే బెంగళూరు మారతహళ్లి పీజీల్లో రాత్రి భోజనాల దగ్గర ఒకటే మాట: "నీ వన్ ఆన్ వన్ అయిందా?" ఏడాది పని మీద మేనేజరుతో జరిగే ముఖాముఖి (అప్రైజల్) గురించే ఆ మాట. నా మొదటి మూడు అప్రైజళ్లలో నేను తలాడించి బయటికొచ్చినవాణ్ణే. ఇప్పుడు మా టీమ్‌లోని తెలుగు పిల్లలు మీటింగుకు ముందురోజు నా దగ్గర ఒకసారి మాట్లాడి చూసుకుంటారు. "అన్నా, గ్రామర్ తప్పులుంటే చెప్పు" అంటారు. చిక్కు చాలాసార్లు గ్రామర్‌లో ఉండదు.

సమస్య: చేసిన పనంతా చెప్పాను, అయినా "ఇందులో నీ పాత్ర ఏంటి?" అన్నారు

కారణం మన వాక్యంలోనే ఉంది. "రిలీజ్ అయిపోయింది", "బగ్ ఫిక్స్ చేసేశాం" అంటే తెలుగులో సరిపోతుంది. ఎవరు చేశారో వినేవాళ్లకు తెలుసు. పైగా "నేను, నేను" అంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుందని బెరుకు. అదే అలవాటుతో ఇంగ్లీషులో "మైగ్రేషన్ ఈజ్ ఓవర్", "వీ డిడ్ ఆటోమేషన్" అంటాం. వాక్యంలో తప్పేమీ లేదు, మనిషే లేడు. మేనేజరు రేపు పైవాళ్ల ముందు మీ తరఫున మాట్లాడాలంటే ఏం పట్టుకుని మాట్లాడాలి?

పరిష్కారం: ముందు ఎలా ఉండేది, నేనేం చేశాను, ఇప్పుడెలా ఉంది. ఈ మూడు ముక్కలూ వరసగా చెప్పండి. "ది మంత్లీ రిపోర్ట్ యూస్డ్ టు టేక్ టూ డేస్. ఐ రోట్ ఎ స్క్రిప్ట్. నౌ ఇట్ టేక్స్ హాఫ్ ఎన్ అవర్." పెద్ద పదం ఒక్కటీ లేదు, చూడండి. నలుగురూ కలిసి చేసిన పనైతే అబద్ధం ఆడక్కర్లేదు: "వీ మూవ్డ్ ది డేటాబేస్. మై పార్ట్ వాజ్ టెస్టింగ్." "ఐ వాజ్ ఇన్వాల్వ్డ్ ఇన్" అని మొదలుపెట్టారంటే పక్కన నిలబడి చూశారనే అనుకుంటారు. లెడ్, బిల్ట్, ఫిక్స్‌డ్, ట్రైన్‌డ్ లాంటి క్రియలు వాడండి.

బట్టీ మాత్రం వద్దు. మా వాడొకడు రెండు పేజీలు బట్టీ పట్టి వెళ్లాడు. మధ్యలో మేనేజరు ఒక్క ప్రశ్న అడిగేసరికి దారం తెగింది. మళ్లీ "గుడ్ మార్నింగ్" నుంచి మొదలుపెట్టాడు పాపం.

సమస్య: అనుభవం గురించి చెప్పేటప్పుడే తడబడుతున్నాను

దీనికి మూలం "నుంచి". "మూడేళ్ల నుంచి చేస్తున్నాను", "2022 నుంచి చేస్తున్నాను" రెండింటికీ మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో గడిచిన కాలానికి ఫర్, మొదలైన తేదీకి సిన్స్. మనం "చేస్తున్నాను"ని ఉన్నదున్నట్టు దించి "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అంటాం. "ఐ హావ్ బీన్ లీడింగ్ దిస్ మాడ్యూల్ ఫర్ త్రీ ఇయర్స్" అనాలి. ఈ ఒక్క వాక్యం మాత్రం నోటికి వచ్చేదాకా అనుకోండి, బట్టీ అన్నా ఫర్వాలేదు.

సమస్య: విదేశీ మేనేజరు ముఖం మారింది

"ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ మై రేటింగ్" అని ఉంటారు. మనకు డౌట్ అంటే ప్రశ్న. వాళ్లకది నమ్మకం లేకపోవడం. "ఐ హావ్ ఎ క్వశ్చన్" చాలు. జీతం పెంపుకు హైక్ అన్న మాట మన ఆఫీసుల్లో అందరికీ తెలుసు. అమెరికా వాళ్లతో అయితే రైజ్, బ్రిటన్ వాళ్లతో పే రైజ్ అనండి. ప్రమోషన్ వచ్చాక "ప్రమోటెడ్ యాజ్ లీడ్" కాదు, "ప్రమోటెడ్ టు లీడ్".

సమస్య: "యూ ఆర్ డూయింగ్ గ్రేట్" అన్నారు, అప్రైజల్ లెటర్లో ఏమీ లేదు

పొగడ్తను మాటిచ్చినట్టు తీసుకున్నాం. నేనూ ఒక ఏడాదంతా అలాగే ఎదురుచూశాను. ఇంకో పొరపాటు, లెటర్ వచ్చాక అడగడం. అప్పటికి రేటింగులు ఖరారైపోయి ఉంటాయి. ఏప్రిల్ నుంచి మార్చి లెక్క నడిచే కంపెనీలో అక్టోబరు నవంబరుల్లోనే మాట కదపండి. "కెన్ ఐ గెట్ ప్రమోషన్?" అంటే అవుననో కాదనో తేల్చేస్తారు. "వాట్ వుడ్ యూ నీడ్ టు సీ ఫ్రమ్ మీ ఫర్ ది నెక్స్ట్ లెవెల్?" అంటే ఏదో ఒకటి వివరంగా చెప్పక తప్పదు. చెప్పినవి అదే సాయంత్రం "థ్యాంక్స్ ఫర్ యువర్ టైమ్ టుడే" అని మొదలుపెట్టి మూడు లైన్ల మెయిల్లో పెట్టండి. ఏడాది మధ్యలో మేనేజరు మారిపోతే ఆ మెయిలే మీకు ఆధారం.

సమస్య: రోజూ పొద్దున టీమ్ స్టాండప్ మీటింగులో బాగానే మాట్లాడతాను, నా గురించి అనేసరికి నోరు పెగలదు

స్టాండప్ ఇంగ్లీషు రోజూ వాడతాం. మన గురించి చెప్పుకునే ఇంగ్లీషు ఏడాదికోసారి. క్యాంటీన్లో ఎలాగూ తెలుగే. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగినప్పుడు ఫోన్లో రికార్డర్ పెట్టుకుని ఆ వారం చేసిన ఒక్క పని మూడు ముక్కల్లో చెప్పండి. సిగ్నల్ పడేలోపు నాలుగుసార్లు చెప్పుకోవచ్చు, అక్కడ టైముకి లోటేముంది! రికార్డింగ్ వినడం చిరాగ్గా ఉంటుంది కానీ వినాలి.

మేనేజరు మన గుంటూరు ఆయనే అయితే తెలుగులో మనసారా మాట్లాడుకోండి. సెల్ఫ్ అప్రైజల్ ఫారం మాత్రం ఇంగ్లీషులోనే నింపాలి. దాన్ని చదివే పై మేనేజరు మిమ్మల్ని ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. అందులోనూ అవే మూడు ముక్కలు రాయండి.