గాలికాలం రాకముందే వాచీ మూత పడాలి

మృగశిర కార్తె ప్రవేశించిందంటే అనంతపురం వైపు గాలి మొదలవుతుంది, ఆగస్టు దాకా తగ్గదు. రామగిరి, కడవకల్లు చుట్టుపక్కల గుట్టల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. ఆ గాలి మోసుకొచ్చే ఎర్రమట్టి ఎంత సన్నగా ఉంటుందంటే, కిటికీలకు గడియ పెట్టినా సాయంత్రానికి టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. ఇంట్లో కూర్చుని వాచీలకు డయల్, ముళ్లు, గ్లాసు మార్చుకునే సరదా ఉన్నవాళ్లు చేతిలో ఉన్న పనిని మే నెలాఖరులోపు ముగించాలి, లేదంటే దీపావళి దాటాక మొదలుపెట్టాలి. చెయ్యి తిరగకపోవడం వల్ల పాడయ్యే వాచీల కన్నా, విప్పి అలా వదిలేయడం వల్ల పాడయ్యేవే ఎక్కువ. అందుకే మూత తెరిచి ఉండే సేపు ఎంత తగ్గితే అంత మంచిది. ఈ జాగ్రత్తల్లో చాలావరకు ఆ సేపును తగ్గించడానికే.

మే నెల కూడా సులువేం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కర్నూలు ఎండకు ఫ్యాన్ కింద కూర్చున్నా నుదురు కారుతుంది, వాచీ తెరిచాకేమో ఫ్యాన్ వేయకూడదు. చెమట బొట్టు డయల్ మీద పడితే మచ్చ పోదు. మెషిన్ (వాచీని నడిపే లోపలి యంత్రం) మీద పడితే అందులోని ఉప్పుకు స్క్రూ తలలు, స్టెమ్ (పక్కన తిప్పే గుండీకి ఉండే సన్నని కడ్డీ) తుప్పు పడతాయి. తెల్లవారుజామున 5 నుంచి 7 లోపు కూర్చోండి. నుదుటికి గుడ్డ కట్టుకోండి, వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకోండి. అంతకు అరగంట ముందే గదిని తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ ఆపి, తలుపు మూసి పెట్టండి. చీపురు మాత్రం పట్టొద్దు, అది దుమ్మును లేపడానికే పనికొస్తుంది.

ఎయిర్ కూలర్ సంగతి చాలామందికి తట్టదు. కూలర్ గదిలో గాలి చల్లగానే ఉంటుంది కానీ తడిగా ఉంటుంది. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గదిలో వాచీ మూత బిగిస్తే ఆ తేమంతా లోపలే బందీ అవుతుంది. గ్లాసు 25 డిగ్రీలకు చల్లబడగానే ఆవిరి పడుతుంది. మరుసటి రోజు ఏసీ ఉన్న బ్యాంకులోకి వెళ్లగానే గ్లాసు లోపల మంచు పట్టినట్టు కనిపించి, నీళ్లు దిగాయేమోనని కంగారు పడతారు. నీళ్లు ఎక్కడా దిగలేదు, మూత వేసిన గదిదే తప్పు. అదే 40 డిగ్రీల పొడి ఎండలో, 20 శాతం తేమ ఉన్నప్పుడు మూసిన వాచీకి ఏసీ గదిలో ఈ బాధ ఉండదు. కాబట్టి కూలర్ ఆపి, గది గాలి ఆరాకే మూత వేయండి.

ఏ వాచీతో మొదలుపెట్టాలి

సెంటర్లలో, ఆన్‌లైన్లో దొరికే ఫస్ట్ కాపీలను, అంటే పేరున్న కంపెనీల వాచీలకు నకళ్లను కొని వాటికి మార్పులు చేయడం ఇప్పుడు చాలామందికి సరదా. ముందుగా చట్టం సంగతి. వేరే కంపెనీ పేరు, గుర్తు తనది కాని వస్తువు మీద వేయడం, అలాంటిది అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం నేరం. శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా, జరిమానా 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉంది. విదేశాల నుంచి అలాంటి డయల్ తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదమూ ఉంది. పైగా ఫస్ట్ కాపీలో ఏ మెషిన్ ఉందో తెరిచే దాకా తెలియదు, మూత వెనక 100 మీటర్లు అని నీటి లోతు చెక్కి ఉన్నా లోపల గ్యాస్కెట్టే (నీళ్లు ఆపే రబ్బరు రింగు) ఉండకపోవచ్చు. స్క్రూలు మెత్తగా ఉండి మొదటి తిప్పుకే తల అరిగిపోతాయి. పేరు లేని ఖాళీ డయల్, విడిగా అమ్మే కేస్ (వాచీ డొక్కు), సీకో వాళ్ల ఎన్‌హెచ్35 ఆటోమేటిక్ మెషిన్ కొని సొంతంగా కట్టుకోవడం అన్ని విధాలా మేలు. రూపం పాత డైవర్ వాచీలా ఉండొచ్చు, పేరు మాత్రం ఎవరిదీ పెట్టకూడదు.

ఎన్‌హెచ్35 ఎంచుకోవడానికి కారణం దాని కొలతలు అందరికీ తెలిసినవే కావడం. మెషిన్ వ్యాసం 27.4 మి.మీ., మందం 5.32 మి.మీ., డయల్ సాధారణంగా 28.5 మి.మీ. గంటల ముల్లు రంధ్రం 1.50, నిమిషాలది 0.90, సెకండ్లది 0.20 మి.మీ. స్విస్ ఈటీఏ 2824 మెషిన్‌కు మొదటి రెండూ ఇవే, సెకండ్ల ముల్లు మాత్రం 0.25. ముళ్ల సెట్ కొనేటప్పుడు ఆ చివరి అంకె చూడకుండా కొంటే సెకండ్ల ముల్లు వదులుగా తిరిగి, చెయ్యి విదిలించగానే ఊడి డయల్ మీద పడుతుంది. కొందరు దాన్ని జిగురుతో అతికిస్తారు. ఆ పని ఎప్పుడూ చేయకండి, జిగురు ముల్లు గొట్టం గుండా లోపలికి దిగి మెషిన్ ఆగిపోతుంది. డయల్ వెనక కాళ్లు, అంటే దాన్ని మెషిన్‌కు పట్టించే సన్నని పుల్లలు కూడా చూసుకోవాలి. క్రౌన్ (పక్కన తిప్పే గుండీ) 3 దగ్గర ఉండే కేస్‌కు, 4 దగ్గర ఉండే కేస్‌కు కాళ్ల స్థానాలు వేరు. ఒకదాని డయల్ రెండోదానికి వేస్తే తేదీ కిటికీ వంకరగా కూర్చుంటుంది.

బల్ల మీద

మన ఇళ్లలో పనికి అనువుగా కనిపించేది వంటింటి కడప బండ. చదునుగా, చల్లగా ఉంటుంది. వాచీ పనికి మాత్రం అది పనికిరాదు. నలుపు రంగులో మెరిసే ఆ బండ మీద 1 మి.మీ. స్క్రూ పడితే కంటికి కనబడదు. ముల్లు చేజారితే గట్టి రాయి కాబట్టి కొన వంగిపోతుంది. బేతంచెర్ల బండ తెల్లగా ఉండటంతో కాస్త నయం, అయినా గట్టిదే. మందమైన తెల్ల తుండు పరిచి, దాని మీద తెల్ల కాగితం అతికించి, ముందువైపు అంచు లోపలికి మడిచి గట్టులా చేయండి. దొర్లిన స్క్రూ అక్కడే ఆగుతుంది. ఒళ్లో కూడా తుండు పరుచుకోండి, ట్వీజర్ నుంచి ఎగిరిన స్ప్రింగ్ చాలాసార్లు దొరికేది అక్కడే.

కావలసినవి వరుసగా పెట్టుకున్నాకే మూత ముట్టుకోండి: 10 రెట్లు చూపే ఐగ్లాస్, రబ్బరు బల్బు బ్లోయర్, జిగట పుట్టీ, ముళ్లు పీకే లివర్ల జత, ముళ్లు నొక్కే పెన్ను, 1.2, 1.4 మి.మీ. స్క్రూడ్రైవర్లు, సిలికాన్ గ్రీజు, మెషిన్ పెట్టే ప్లాస్టిక్ స్టాండు, బోర్లించి కప్పడానికి ఓ చిన్న స్టీలు గిన్నె. నీళ్లు తాగడానికి లేచినా, ఫోన్ మోగినా ఆ గిన్నె వాచీ మీద పడాలి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర డయల్ మీద ఆరిపోయి చుక్కలవుతుంది. ఫోన్ స్పీకరు, అయస్కాంతం గుండీ ఉన్న సంచి దూరంగా పెట్టండి. హెయిర్‌స్ప్రింగ్‌కు (వాచీ వేగాన్ని నిర్ణయించే సన్నని చుట్ట స్ప్రింగుకు) అయస్కాంతం పట్టిందంటే వాచీ రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెడుతుంది.

మర మూత విప్పే మూడు కాళ్ల రెంచి జారితే కేస్ మీద గీత, అరచేతిలో గాయం. ముందు రబ్బరు బంతితో అదిమి తిప్పి చూడండి, చాలా మూతలు దానికే వస్తాయి. రాకపోతే కేస్‌ను హోల్డరులో బిగించి, మూత చుట్టూ టేపు అతికించి, రెంచి మూడు కాళ్లూ గాడుల్లో పూర్తిగా కూర్చున్నాకే బలం పెట్టండి.

స్టెమ్ తీసేటప్పుడు తొందర వద్దు. క్రౌన్ లోపలికి నొక్కి ఉంచి, స్టెమ్ పక్కన ఉన్న చిన్న గుంటను ట్వీజర్ కొనతో మెల్లగా అదిమి, ఇంకో చేత్తో క్రౌన్ లాగాలి. టైం తిప్పే స్థానంలో ఉంచి గట్టిగా గుచ్చితే లోపలి లివర్లు పక్కకు జారే అవకాశం ఉంది. అప్పుడు స్టెమ్ మళ్లీ పెట్టినా తేదీ తిరగదు, లేదా కీ ఎక్కదు. డయల్, ముళ్లు అన్నీ పీకి కింది పలక విప్పితే తప్ప అది సరికాదు. పాత కీ వాచీల్లో చాలావాటికి గుంట బదులు స్క్రూ ఉంటుంది. దాన్ని ఒకటి రెండు చుట్లే వదులు చేయాలి. పూర్తిగా తిప్పేస్తే లోపలి ముక్క ఊడిపోతుంది.

ముళ్లు

పని చేసేటప్పుడు ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. క్రౌన్ టైం తిప్పే స్థానానికి లాగి, తేదీ టక్కున మారే దాకా మెల్లగా ముందుకు తిప్పండి. మారిన క్షణమే 12. అక్కడే గంటల ముల్లు సరిగ్గా 12 మీద పెట్టి నొక్కండి, తర్వాత నిమిషాల ముల్లు. 3, 6, 9 దగ్గర ఆపి చూడండి. నిమిషాల ముల్లు 12 మీద ఉన్నప్పుడు గంటల ముల్లు సరిగ్గా గీత మీద లేకపోతే అప్పుడే తీసి మళ్లీ పెట్టాలి. నొక్కేటప్పుడు మెషిన్ అంచు స్టాండు మీద ఆనాలి, వెనక రోటర్ (చెయ్యి కదిలినప్పుడు తిరిగి కీ ఎక్కించే పలక) మీద బరువు పడకూడదు.

సెకండ్ల ముల్లు గొట్టం 0.20 మి.మీ. సూది మీద కూర్చోవాలి. పుట్టీ అంటించిన పుల్లతో ముల్లును ఎత్తి, గొట్టం సూది మీదికి వచ్చిందని ఐగ్లాస్‌లో రెండు వైపుల నుంచీ చూసి, ముందు వేలి బరువుతోనే ఆనించండి. నిలబడితే అప్పుడు పెన్నుతో నిటారుగా నొక్కండి. కూర్చోకముందే నొక్కితే వంగేది సూదే, ముల్లు కాదు. ముల్లు చవక, సూది వంగితే చక్రం మొత్తం మార్చాలి. మూడు ముళ్లూ పెట్టాక వాచీని కంటి ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూడండి. ముల్లుకూ ముల్లుకూ మధ్య కనీసం ముల్లు మందమంత ఖాళీ ఉండాలి. గ్లాసుకు, సెకండ్ల ముల్లు కొనకు మధ్య కూడా అంతే. తర్వాత 12 గంటలు పూర్తిగా చేత్తో తిప్పి చూడకుండా కేస్‌లో పెట్టకండి. ఇంకో మాట, రాత్రి 9 నుంచి తెల్లవారి 4 దాకా తేదీని క్రౌన్‌తో త్వరగా మార్చొద్దు. ఆ సమయంలో తేదీ పళ్లు చక్రానికి చిక్కుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

కొత్త కేస్‌కు స్టెమ్ కత్తిరించాల్సి వస్తుంది. ఒకేసారి కత్తిరించొద్దు. అర మి.మీ. కన్నా తక్కువ చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారి కొన ఆకురాయితో నునుపు చేసి పెట్టి చూడండి. తెగిన ముక్క కంటికేసి ఎగురుతుంది కాబట్టి గుడ్డ కప్పి కత్తిరించండి, కళ్లద్దాలు తప్పనిసరి. గ్లాసు నొక్కేటప్పుడూ అంతే. సఫైర్ గ్లాసు మీద గీతలు అంత తేలిగ్గా పడవు కానీ ప్రెస్ ఒక పక్కకు వాలితే అంచు చిట్లి సూదుల్లాంటి పెంకులు లేస్తాయి.

బెజెల్ (గ్లాసు చుట్టూ ఉండే చట్రం) మీది రింగుకు, విరిగిన డయల్ కాళ్లకు ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ వాడొద్దు. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి గ్లాసు లోపల, డయల్ మీద తెల్లని పొరలా పడుతుంది. డయల్‌కు చిన్న డబుల్ టేప్ చుక్కలు చాలు. వేసవిలో టేపు మెత్తబడుతుంది కాబట్టి రింగు అతికించిన వాచీని బైకు ట్యాంకు సంచిలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే రింగు జరిగిపోతుంది.

పాత వాచీలు, పెట్రోలు, సెల్లు

అటకమీద దొరికిన తాతల నాటి వాచీ డయల్ మీద గోధుమరంగు చుక్కలుంటే గీకకండి. 1960ల దాకా చీకట్లో మెరవడానికి రేడియం పూత వాడేవారు. మెరుపు ఎప్పుడో పోయి ఉంటుంది, రేడియం మాత్రం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. గీకిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉంటుంది. ముళ్లు కూడా ఆ పూతవే అయితే ఆ వాచీ మూత తెరవకపోవడమే సరైన పని.

మెషిన్ భాగాలను వైట్ పెట్రోలుతో కడగాలనుకుంటే వంటింట్లో కాదు. గ్యాస్ స్టవ్, దేవుడి దీపం లేని చోట, కిటికీ తెరిచి, చిన్న గాజు సీసాలో కొద్దిగానే పోసుకోండి. స్పిరిట్, శానిటైజర్లలో ప్యాలెట్ ముక్కను (చక్రాన్ని పన్ను పన్నుగా ఆపి వదిలే చిన్న భాగం) నానబెట్టకూడదు. దాని రాళ్లను పట్టి ఉంచే లక్క ఆల్కహాలుకు కరుగుతుంది. క్వార్ట్‌జ్ వాచీ సెల్లు రెండు ముఖాలనూ లోహపు ట్వీజర్‌తో ఒకేసారి పట్టుకోకండి, షార్ట్ అవుతుంది. తీసిన సెల్లు పిల్లలకు అందనివ్వకండి. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఎదురుచూడొద్దు.

మూత వేశాక

గ్యాస్కెట్ సాగి ఉంటే, చిట్లి ఉంటే మార్చండి. గ్రీజు మెరుపు కనిపించేంత సన్నగా రాస్తే చాలు, ఎక్కువైతే మట్టి అంటుతుంది. మర పట్టేటప్పుడు మూతను ముందు ఎడమకు తిప్పి, టిక్కున దిగాక కుడికి బిగించండి, అడ్డంగా మర పట్టదు. లోపల తేమ ఉందో లేదో కర్నూలు ఎండలోనే తేలుతుంది: వాచీని నీడలో 40 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, గ్లాసు మీద ఒక బొట్టు కుండ నీళ్లు వేసి, ఒక నిమిషం తర్వాత తుడవండి. లోపలి వైపు మసక కనిపిస్తే తేమ ఉన్నట్టే, మళ్లీ తెరిచి ఆరబెట్టాలి. ఇది తేమ పరీక్షే కానీ నీటి ఒత్తిడి పరీక్ష కాదు. గాలి ఒత్తిడి మిషన్ ఉన్న దుకాణంలో పరీక్షించే దాకా ఆ వాచీతో బావిలో, చెరువులో దిగొద్దు.

మూత వేశాక డయల్ మీద ఒక నూగు కనిపిస్తే, వాచీని బోర్లించి వెనక వేలితో తట్టండి. జరిగి ముళ్ల దారిలోకి వచ్చేదైతే, లేదా మెరిసే లోహపు రజను అయితే తెరవాల్సిందే. ఒకచోట కదలకుండా ఉన్న దూది నూగే అయితే గాలికాలం పోయే దాకా వదిలేయండి. జూలైలో ఆ ఒక్క నూగు కోసం తెరిస్తే ఇంకో పది దిగుతాయి.