ట్రిబ్యునల్ ఆర్డర్‌ను హైకోర్టులో కొట్టేయించుకున్నాం: నా అనుభవం

మా పెదనాన్న 2004లో నాకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్‌ను సీనియర్ సిటిజన్ల ట్రిబ్యునల్ రద్దు చేసింది. ఆయన్ని మేం చూసుకోవడం లేదని కారణం. రివ్యూ అడిగాం, అప్పీలు వేస్తే తిప్పి పంపారు, పెద్దమనుషులతో మాట్లాడించాం. ఏదీ పనిచేయలేదు.

హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ కోసం మేం రాయించిన మొదటి ముసాయిదాలో పది పేజీలు మందుల బిల్లుల గురించే. కొత్త లాయరు గారు అదంతా తీసేశారు. ముందుగా ట్రిబ్యునల్ ఆర్డరు, డీడ్ రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు తెప్పించారు. తర్వాత పిటిషన్ మొదటి పేరాలోనే డీడ్ తేదీ పెట్టారు. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ కోసం వచ్చిన 2007 చట్టంలో, ఇలాంటి ఆస్తి బదిలీలను రద్దు చేయడానికి వీలిచ్చే సెక్షన్ 23 ఆ చట్టం అమల్లోకి వచ్చాక జరిగిన బదిలీలకే వర్తిస్తుంది. మాది 2004 నాటిది. అంటే ట్రిబ్యునల్ తప్పుగా తేల్చిందని కాదు, తేల్చే అధికారమే దానికి లేదని వాదన. ఈ తేడా నాకు ఎక్కడానికి రెండు రోజులు పట్టింది!

రాజ్యాంగం 226వ అధికరణ కింద సెర్షియోరరీ రిట్ (ట్రిబ్యునల్ లాంటి వాటి ఆర్డరును హైకోర్టు కొట్టేసే రిట్) అడిగి, స్టే కోసం వేరే దరఖాస్తు జత చేశారు. 'వేరే మార్గం ఉందిగా' అనే అభ్యంతరం వస్తుందని ముందే ఊహించి, 1998 నాటి సుప్రీంకోర్టు వర్ల్‌పూల్ తీర్పు పెట్టారు. అధికార పరిధి అసలే లేని ఆర్డరుకు ఆ అభ్యంతరం అడ్డు కాదని అందులో ఉంది. మొదట స్టే, తర్వాత ఆర్డరు రద్దు.

మాకు తేదీ కాగితం మీదే ఉంది కాబట్టి సులువైంది. సాక్ష్యాలతో తేల్చాల్సిన గొడవైతే రిట్‌లో ఇలా కుదరకపోవచ్చు. పెదనాన్న మాత్రం ఇంకా మాతో మాట్లాడటం లేదు.