టెక్సాస్ బడుల్లో మీ బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ కోరే విధానం: కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు సూచనలు

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి డాలస్ పరిసర ప్రాంతాల్లో కొత్తగా కాపురం పెట్టిన కుటుంబాలకు, పిల్లల్ని బడిలో చేర్చిన కొన్నాళ్లకే టీచరు నుంచి కబురు రావడం అరుదేమీ కాదు. పిలిస్తే పలకడం లేదనో, తోటి పిల్లలతో కలవడం లేదనో, అక్షరాలు ఎంత నేర్పినా నిలవడం లేదనో చెబుతారు. కొత్త దేశం, కొత్త భాష కాబట్టి మెల్లగా సర్దుకుంటాడులే అని ఇంట్లో పెద్దలు అనడమూ సహజమే, చాలామంది పిల్లల విషయంలో అది నిజమే కూడా. అయితే అదే ఇబ్బంది ఇక్కడికి రాకముందు తెలుగులోనూ ఉండేదా అన్నది తల్లిదండ్రులు నిజాయితీగా ఆలోచించుకోవాలి. మాటలు ఆలస్యంగా రావడం, కథ చెబితే వరస పట్టుకోలేకపోవడం, చిన్న మార్పుకే తల్లడిల్లిపోవడం వంటివి తెలుగులోనూ కనిపించి ఉంటే, ఇంగ్లీషు వచ్చేదాకా ఆగడంలో అర్థం లేదు. బిడ్డకు ప్రత్యేక బోధన (స్పెషల్ ఎడ్యుకేషన్) అవసరమా అని తేల్చే పరీక్షలు, అంటే ఎవాల్యుయేషన్, జరపమని బడిని కోరాలి.

ఈ విషయంలో మీకు అండగా నిలిచేది వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం చేసిన ఐడియా (IDEA) అనే అమెరికా కేంద్ర చట్టం. 1975లో వేరే పేరుతో మొదలైన ఈ చట్టం ప్రకారం, వైకల్యం ఉందని అనుమానించదగిన పిల్లలను గుర్తించి, పైసా తీసుకోకుండా పరీక్షించి, అవసరమైనవారికి 3 ఏళ్ల నుంచి 21 ఏళ్ల వరకు ప్రత్యేక బోధన అందించడం ప్రభుత్వ బడుల బాధ్యత. మీరు హెచ్1బి మీద వచ్చారా, బిడ్డ హెచ్4 మీద ఉన్నాడా అన్నదానితో దీనికి సంబంధం లేదు. మూడేళ్లు నిండని పిల్లల సంగతి వేరు. వారికోసం టెక్సాస్‌లో ఈసీఐ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్) అనే కార్యక్రమం ఉంది, అక్కడికి మీరే నేరుగా ఫోన్ చేసి అడగవచ్చు.

అన్నింటికన్నా ముఖ్యమైన సూచన ఒక్కటే: కోరవలసింది నోటితో కాదు, రాతపూర్వకంగా. బడి గుమ్మం దగ్గర టీచరుతో మాట్లాడినా, పేరెంట్ టీచర్ మీటింగులో అడిగినా అందరూ మర్యాదగా తల ఊపుతారు, కానీ గడువు లెక్క మాత్రం మొదలుకాదు. టెక్సాస్ నిబంధనల ప్రకారం జిల్లా (అంటే మీ బడిని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకు గాని, ప్రిన్సిపాల్ వంటి పాలనాధికారికి గాని రాతలో అభ్యర్థన అందితేనే, 15 బడి దినాల లోపు వారు మీకు రాతలో జవాబివ్వాలి. ఎవాల్యుయేషన్ చేస్తామంటే మీ సమ్మతి కోరాలి. చేయబోమంటే కారణాలు వివరించాలి. రెండు సందర్భాల్లోనూ మీ హక్కుల పత్రం జతచేయాలి.

ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2004లో ఈ రాష్ట్ర విద్యాశాఖ, జిల్లాల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ పొందే పిల్లలు 8.5 శాతం మించకూడదన్నట్టుగా ఒక కొలమానం పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఆ సంగతిని బయటపెట్టింది. అది చట్టవిరుద్ధంగా పిల్లలను దూరం పెట్టిందని కేంద్ర విద్యాశాఖ 2018 జనవరిలో తేల్చింది. ఆ కొలమానం ఇప్పుడు లేదు. అయినా "ముందు కొన్నాళ్లు అదనపు ట్యూషన్ ఇచ్చి చూద్దాం" అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. ఆ సాయాన్ని కాదనవలసిన పని లేదు గాని, దాన్ని సాకుగా చూపి ఎవాల్యుయేషన్‌ను వాయిదా వేయడం కుదరదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది.

ఉత్తరం అర పేజీ చాలు. తేదీ, బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తరగతి రాసి, "మా అబ్బాయికి వైకల్యం ఉండవచ్చని అనుమానిస్తున్నాము, ఐడియా చట్టం కింద స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఎవాల్యుయేషన్ జరపవలసిందిగా కోరుతున్నాము" అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషులో రాయండి. ఆ తర్వాత మీరు కళ్లారా చూసినవి రెండు మూడు చేర్చండి. "చదువులో వెనకబడ్డాడు" అని రాసే బదులు, "ఒకే పేజీలో మూడుసార్లు వచ్చిన పదాన్ని ప్రతిసారీ కొత్తదానిలా కూడబలుక్కుంటాడు" అని రాస్తే, ఏ పరీక్షలు జరపాలో చదివేవారికి అర్థమవుతుంది. ప్రిన్సిపాల్‌కు, డైరెక్టరుకు ఒకే ఈ-మెయిల్‌లో పంపి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

మీరు సమ్మతి పత్రం మీద సంతకం చేసి ఇచ్చిన రోజు నుంచి 45 బడి దినాల లోపు రిపోర్టు పూర్తికావాలి. ఈ లెక్కలో సెలవులు కలవవు. అంతేకాదు, ఆ వ్యవధిలో బిడ్డ మూడు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ బడికి రాకపోతే, రానన్ని రోజులూ గడువు పెరుగుతుంది. డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి చూసుకుని వచ్చే అలవాటున్న మన కుటుంబాలు దీన్ని గుర్తుంచుకోవాలి. అలాగే ఏప్రిల్, మే నెలల్లో సంతకం చేస్తే పని వచ్చే విద్యా సంవత్సరానికి జారిపోవచ్చు, కాబట్టి వీలైతే ఆకురాలు కాలంలోనే అడగడం మంచిది.

ఎవాల్యుయేషన్ జరిగేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష గురించి అడుగుతారు. బిడ్డకు మేలు చేస్తున్నామనుకుని "ఇంట్లో ఇంగ్లీషే" అని కొందరు రాస్తారు, దానివల్ల నష్టమే. బిడ్డకు ఏ భాషలో చేస్తే సరైన ఫలితం వస్తుందో ఆ భాషలో, సాధ్యమైనంత వరకు, పరీక్షలు జరపాలని చట్టం చెబుతుంది. కేవలం ఇంగ్లీషు రాకపోవడాన్ని బట్టి వైకల్యం ఉందని నిర్ణయించడాన్నీ అది ఒప్పుకోదు. అమ్మమ్మతో తెలుగులో ఎలా మాట్లాడతాడు, చెల్లెలితో ఏ భాషలో పోట్లాడతాడు అన్నవి ఉన్నదున్నట్టు చెప్పాలి. పరువు పోతుందన్న బెంగతో "ఇంట్లో బాగానే ఉంటాడండీ" అని సర్దిచెప్పడం మనలో ఎక్కువ, ముఖ్యంగా ప్రశ్నలు అడిగేది పరాయివారైనప్పుడు. మీరు దాచినది రిపోర్టులోకి రాదు, రిపోర్టులో లేనిదానికి సాయమూ రాదు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారికోసం పనిచేసే నీపిడ్ (NIEPID) వంటి సంస్థలో గాని, అక్కడి డాక్టరు దగ్గర గాని చేయించిన పరీక్షల కాగితాలుంటే నకళ్లు ఇవ్వండి. వాటిని బడివారు పరిగణనలోకి తీసుకుంటారు గాని, డాక్టరు రాసిన రోగనిర్ధారణ ఒక్కటే సరిపోదు. అది చదువును ఎలా అడ్డుకుంటోందో కూడా తేలాలి.

రిపోర్టు వచ్చాక 30 రోజుల లోపు, బిడ్డకు ప్రత్యేక బోధన అవసరమా, అయితే ఎలా అన్నది తేల్చే సమావేశం జరుగుతుంది. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ (బిడ్డకోసం రాసే ప్రత్యేక బోధన ప్రణాళిక) మీటింగ్ అనేదాన్ని ఇక్కడ ఆర్డ్ (ARD) మీటింగ్ అంటారు. తెలుగు దుభాషి కావాలంటే ముందే రాతలో అడగండి. ఏర్పాటు చేయడం బడి బాధ్యత, ఖర్చూ వారిదే. రిపోర్టును సమావేశానికి ముందే తెప్పించుకుని, అర్థంకాని చోట గీతలు గీసుకుని వెళ్లండి. ఎవాల్యుయేషన్‌కు ఇచ్చిన సమ్మతి సేవలకు ఇచ్చినట్టు కాదు. వాటికి విడిగా మీ సంతకం కావాలి. అక్కడ ఏకాభిప్రాయం కుదరకపోతే 10 బడి దినాలకు మించకుండా విరామం తీసుకుని మళ్లీ కూర్చునే అవకాశం ఒకసారి ఇస్తారు. రిపోర్టే తప్పనిపిస్తే, బయటి నిపుణుల చేత జిల్లా ఖర్చుతో మరో ఎవాల్యుయేషన్ చేయించమని కోరవచ్చు. అప్పుడు జిల్లా దానికి డబ్బు చెల్లించాలి, లేదా తన రిపోర్టు సరైనదేనని విచారణాధికారి ముందు నిరూపించుకోవాలి. ఈ దశలో సలహా కావాలంటే స్పెడ్‌టెక్స్ అనే సమాచార కేంద్రానికి ఫోన్ చేయండి, ఉచితంగా చెబుతారు.

ఐఈపీ వచ్చాక ఉద్యోగరీత్యా మరో రాష్ట్రానికి మారవలసి వస్తే, ఐఈపీ, రిపోర్టుల నకళ్లు బడి నుంచి తీసుకుని మీ చేతి సామానులోనే పెట్టుకోండి. కొత్త జిల్లా తానుగా మళ్లీ ఎవాల్యుయేషన్ చేసుకోవచ్చు, కానీ అది తేలేదాకా పాత ఐఈపీతో పోల్చదగిన సేవలు అందించాలి. చేరిన రోజే ఆఫీసులో ఆ నకళ్లు ఇచ్చి, అందినట్టు ఈ-మెయిల్ అడిగి తీసుకోండి.