పాత సెమీ ట్రక్కుతో భారీ లోడు – 4వ పాఠం: వెనక నుంచి ముందుకు

మూడో పాఠంలో ఇంజిను టార్కు (తిప్పే బలం) గ్రాఫు చదవడం చూశాం. ఆ టార్కు ఫ్లైవీలు దాటి చక్రం చేరేలోపు ఏమవుతుందో, ఏ భాగాన్ని ఏ వరసలో మార్చాలో ఈ పాఠంలో తేల్చుకుందాం. కాలిక్యులేటరు, కాగితం పక్కన పెట్టుకోండి.

"బండి లాగట్లేదు" అనగానే చాలామంది ఇంజిను పవరు పెంచడానికి వెళ్తారు. అది తలకిందుల పని. ఇంజిను దగ్గర పెంచిన బలాన్ని క్లచ్, గేర్‌బాక్సు, జాయింటు షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి టార్కు మోసే కడ్డీ), క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి పెద్ద, చిన్న గేర్ల జత) అన్నీ మోయాలి. వాటిలో బలహీనమైనది ముందు పోతుంది. వెనక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరగాల్సిన చుట్లు) పెంచితే అదే లాగుడు తక్కువ టార్కుతో వస్తుంది, యాక్సిల్‌కు ముందున్న భాగాలన్నీ తేలికపడతాయి. అందుకే యాక్సిల్ దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలి.

ఉదాహరణ బండి

అమెరికా హైవేల మీద తిరిగిన బండిని తీసుకుందాం. 15 లీటర్ల ఇంజిను, గరిష్ఠ టార్కు 1,850 పౌండ్ అడుగులు, అంటే 2,508 న్యూటన్ మీటర్లు. 10 స్పీడు గేర్‌బాక్సు: మొదటి గేరు 12.69, చివరి గేరు 0.74. వెనక రెండు డ్రైవు యాక్సిళ్లు, నిష్పత్తి 3.36. టైరు కిలోమీటరుకు 311 చుట్లు తిరుగుతుంది, రోలింగ్ వ్యాసార్థం 0.512 మీటర్లు.

అక్కడ పర్మిట్ లేకుండా అంతర్రాష్ట్ర రహదారి మీద మొత్తం బరువు 80,000 పౌండ్లు, అంటే 36,287 కిలోలు దాటకూడదు. మనం సిద్ధం చేస్తున్నది పర్మిట్‌తో 1,20,000 పౌండ్లు, 54,430 కిలోలు లాగే బండి. మన దేశంలో 2018 జులైలో యాక్సిల్ బరువులు పెంచాక ట్రైలరు బండ్ల గరిష్ఠ మొత్తం బరువు 55 టన్నులైంది కాబట్టి ఈ అంకెలు ఇక్కడి వాళ్లకీ కొత్తగా అనిపించవు. అయితే ఇక్కడ బండి మీద చెయ్యి వేసే ముందు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను చదవాలి. ఆర్సీలో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. నిష్పత్తి మార్చినంత మాత్రాన 40,000 పౌండ్ల యాక్సిళ్ల జత 46,000 పౌండ్లది అయిపోదు. హౌసింగు, హబ్బు బేరింగులు, స్ప్రింగులు, బ్రేకులు పాతవే కదా. డోరు దగ్గర ప్లేటు మీద ఉన్న యాక్సిల్ బరువే హద్దు. డ్రైవు యాక్సిళ్ల మీద అంతకంటే ఎక్కువ బరువు రావాలంటే యాక్సిళ్లనే మార్చాలి. ఈ పాఠంలో 46,000 పౌండ్ల జత బిగించామనే అనుకుందాం.

కదిలించే శక్తి లెక్క

ఎంత ఎక్కుడులో ఆగిన బండి మళ్లీ కదులుతుంది? దీనికి గరిష్ఠ టార్కు వాడకూడదు. క్లచ్ పట్టుకునే వేళకి ఇంజిను నిమిషానికి 800 చుట్ల దగ్గర ఉంటుంది. అక్కడ వచ్చే టార్కును 1,100 న్యూటన్ మీటర్లుగా తీసుకుందాం.

చక్రం దగ్గర లాగుడు = క్లచ్ టార్కు × మొదటి గేరు × యాక్సిల్ నిష్పత్తి × 0.9 ÷ వ్యాసార్థం.

0.9 అనేది దారిలో పోయే నష్టానికి. వచ్చిన న్యూటన్లను బండి బరువుతో భాగించి 100తో హెచ్చించండి. అందులోంచి టైరు దొర్లడానికి పోయే 1 తీసేయండి. మిగిలింది శాతంలో ఎక్కుడు. 54,430 కిలోల బరువు అంటే 5,34,000 న్యూటన్లు.

ఉన్న బండికి 12.69 × 3.36 = 42.64. లాగుడు 82,400 న్యూటన్లు, ఎక్కుడు 14.4 శాతం. తారు రోడ్డుకి ఇది చాలు. కానీ ట్రాన్స్‌ఫార్మరో బుల్‌డోజరో ఎక్కించుకుని సైటులోని మెత్తటి మట్టిలో ఆగితే 14 చాలదు. మెత్తటి నేలలో దొర్లుడు నష్టం 1 శాతం దగ్గర ఆగదు, చాలా పెరుగుతుంది. అలాంటి పనికి 20కి తగ్గకూడదు.

యాక్సిల్ నిష్పత్తిని మాత్రమే 4.10 చేస్తే 17.8 శాతం. దాంతోపాటు 18 స్పీడు గేర్‌బాక్సు పెడితే, దాని అతి చిన్న గేరు 14.40 కాబట్టి, 59.04 నిష్పత్తితో 20.4 శాతం. మన లక్ష్యం అందింది.

ఇక హైవే వేగం. గంటకు 90 కిలోమీటర్ల దగ్గర చక్రం నిమిషానికి 90 × 311 ÷ 60, అంటే 466 చుట్లు తిరుగుతుంది. పాత జతలో పై గేరులో ఇంజిను 1,160 చుట్లు. ఖాళీ బండికి ఇది డీజిలు ఆదా చేస్తుంది. 54 టన్నులతో చిన్న ఎత్తు వచ్చినా గేరు దించాల్సిందే. కొత్త జతలో, 18 స్పీడు చివరి గేరు 0.73 కాబట్టి, 466 × 4.10 × 0.73 = 1,395 చుట్లు. లోడు బండికి ఇదే సరైన చోటు. ఖాళీగా తిరిగే రోజుల్లో డీజిలు కొంచెం ఎక్కువ తాగుతుంది. ఏడాదిలో సగానికి పైగా ఖాళీగానో మామూలు లోడుతోనో తిరిగే బండికి 4.10 పెట్టమని మేం చెప్పం. 3.70 దగ్గర ఆగి, గేర్‌బాక్సు మార్చుకుంటే చాలు.

గేరుకీ గేరుకీ మధ్య దూరం

18 స్పీడు అసలు విలువ మొదటి గేరులో లేదు, గేర్ల మధ్య దూరంలో ఉంది. 10 స్పీడులో ఒక గేరుకీ పక్క గేరుకీ తేడా సుమారు 37 శాతం. 1,600 చుట్ల దగ్గర గేరు ఎక్కిస్తే ఇంజిను 1,168కి పడుతుంది. ఎక్కుడులో గేరు మార్చే ఆ క్షణంలోనే బండి వేగం తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా కిందికి పోతుంది. డ్రైవరు మళ్లీ పాత గేరుకే రావాలి. 18 స్పీడు పై గేర్లలో తేడా సుమారు 17 శాతం. అదే 1,600 నుంచి 1,367కి వచ్చి ఆగుతుంది, లాగుతూనే ఉంటుంది.

ఈటన్ ఫుల్లర్ అనే గేర్‌బాక్సుల బ్రాండు మోడలు పేరులోనే గేర్‌బాక్సు బలం రాసి ఉంటుంది. ఆర్‌టీఎల్‌ఓ-18918బి అంటే మొదటి 18 సుమారు 1,850 పౌండ్ అడుగుల టార్కుకి, 9 డిజైను తరానికి, చివరి 18 గేర్ల సంఖ్యకి గుర్తు. 16తో మొదలయ్యేది 1,650 మోస్తుంది. మన ఇంజిను 1,850 ఇస్తుంది కాబట్టి 18తో మొదలయ్యేది కనీసం. ఏడాదంతా భారీ లోడే అయితే 20918 తీసుకోండి.

ఈ గేర్‌బాక్సులో ఎస్‌ఏఈ 50 సింథటిక్ ఆయిలు పోయాలి. యాక్సిల్‌కి తెచ్చిన జీఎల్-5 ఆయిలు ఇందులో పోయకూడదు. ఆయిలు వేడి 121 డిగ్రీల సెల్సియస్ దాటి నిలబడకూడదు. 40 టన్నులు దాటిన బరువుతో, ఇంత బలమైన ఇంజినుతో లాగేటప్పుడు ఆయిలు కూలరు తప్పనిసరి. పాత బండికి కూలరు లేకపోతే గేర్‌బాక్సు కొన్న రోజే అదీ కొనండి.

జాయింటు షాఫ్టు ఎంత మోస్తుంది?

గరిష్ఠ టార్కు 2,508ని 14.40తో హెచ్చిస్తే 36,115 న్యూటన్ మీటర్లు. ఇంత మోసే షాఫ్టు కావాలా? అక్కర్లేదు, ఎందుకంటే దానికంటే ముందే టైరు జారుతుంది. జారే హద్దును లెక్కకట్టండి: డ్రైవు యాక్సిళ్ల మీద 46,000 పౌండ్లు, అంటే 20,865 కిలోలు, పొడి రోడ్డు మీద పట్టు 0.7, వ్యాసార్థం 0.512. చక్రాల దగ్గర 73,360 న్యూటన్ మీటర్లు. దీన్ని 4.10తో భాగిస్తే షాఫ్టు మీద 17,900. అదే పాత 3.36తో భాగిస్తే 21,800. ఇంజిను రెండిటినీ ఇవ్వగలదు. అంటే యాక్సిల్ అలాగే ఉంచి గేర్‌బాక్సు మాత్రమే మార్చినవాళ్ల బండిలో షాఫ్టు 22 శాతం ఎక్కువ మెలి తట్టుకోవాలి. క్రాసులు (షాఫ్టు కొసల్లో మడత ఇచ్చే ప్లస్ ఆకారపు జాయింట్లు) విరిగే కారణం చాలాసార్లు ఇదే.

స్పైసర్ కంపెనీ 1710, 1760, 1810 క్రాసుల్లో కప్పు (క్రాసు కొసన ఉండే బేరింగు టోపీ) వ్యాసం ఒకటే, 1.938 అంగుళాలు. తేడా వెడల్పులో: 1710 సుమారు 155 మిల్లీమీటర్లు, 1760 178, 1810 192. వెడల్పు పెరిగితే అదే మెలికి కప్పు మీద పడే బలం తగ్గుతుంది. 1810కి మారాలంటే షాఫ్టు రెండు కొసల యోకులతో (క్రాసును పట్టే కవల చేతులతో) పాటు గేర్‌బాక్సు యోకు, పినియన్ యోకు కూడా మారాలి. కప్పు వ్యాసం చూసి "పట్టేస్తుంది" అని 1760 తెచ్చి 1710 యోకు దగ్గర నిలబడటం మామూలు పొరపాటు. బేరింగు నుంచి బేరింగుకి కొలిచి కొనండి.

4.10తో షాఫ్టు వేగం కూడా పెరుగుతుంది: 90 కిలోమీటర్ల దగ్గర 1,566 నుంచి 1,911 చుట్లకి. పాత షాఫ్టులో ఇంతకాలం బయటపడని బ్యాలెన్సు లోపం ఇప్పుడు గుదుగుదుమంటుంది. బిగించే ముందే బ్యాలెన్సు చేయించండి. రెండు కొసల యోకులు ఒకే వరసలో ఉండాలి. క్రాసు పనిచేసే కోణం అరడిగ్రీకి తగ్గకుండా, 3 డిగ్రీలు దాటకుండా, రెండు కొసల కోణాల తేడా 1 డిగ్రీ లోపు ఉండాలి.

రెండు యాక్సిళ్లను ఒకే వేగంతో కలిపి తిప్పే మధ్య లాకు గురించి డ్రైవరుకి తప్పకుండా చెప్పండి. లాకు పడ్డాక పట్టున్న యాక్సిల్‌కి పూర్తి టార్కు పోవచ్చు. చక్రం గిర్రున తిరుగుతుండగా స్విచ్చు నొక్కితే పళ్లు రాలిపోతాయి. బురదలోకి దిగకముందే, చక్రాలు జారకముందే వేయాలి.

క్రౌన్ పినియన్ అమరిక

రెండు యాక్సిళ్లలోనూ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకదానిలో 3.36, ఇంకోదానిలో 4.10 ఉంటే మధ్య డిఫరెన్షియల్ (రెండు యాక్సిళ్లకు టార్కు పంచే గేర్లు) ఆగకుండా తిరిగి కాలిపోతుంది. టైర్లు కూడా చుట్టుకొలతలో 19 మిల్లీమీటర్ల లోపు సరిపోలాలి. కొత్త రెండు టైర్లు ఒక యాక్సిల్‌కి, అరిగినవి రెండోదానికి వేయడం అదే రోగాన్ని నెమ్మదిగా తెస్తుంది.

క్రౌన్, పినియన్ జతగానే పుడతాయి. రెండింటి మీదా ఒకే జత నంబరు ఉందో లేదో చూడండి. కింది అంకెలు మెరిటర్ కంపెనీ సింగిల్ రిడక్షన్ (ఒకే క్రౌన్ పినియన్ జత ఉన్న) యాక్సిళ్లవి. మీ యాక్సిల్ వేరేదైతే దాని పుస్తకం చూడాలి.

మొదట పినియన్ లోతు. పినియన్ మీద దాని తేడా అంకె చెక్కి ఉంటుంది. పాత షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) 0.81 మిల్లీమీటర్లు, పాత పినియన్ అంకె మైనస్ 0.08 అనుకోండి. మైనస్ అయితే కలపాలి: 0.89. ఇది మూల మందం. కొత్త పినియన్ అంకె ప్లస్ 0.05 అయితే మూలానికి కలపాలి: 0.94 మిల్లీమీటర్ల షిమ్ములతో మొదలుపెట్టండి. పాత షిమ్ములే తిరిగి వేసి బిగించేసే మెకానిక్కుల పనే నెల తిరక్కముందే అరుపు పెట్టేది.

పినియన్ బేరింగు కొత్తదైతే తిప్పడానికి 0.56 నుంచి 5.08 న్యూటన్ మీటర్ల బిగువు ఉండాలి. స్ప్రింగు తక్కెడతో కొలవండి, చేత్తో అంచనా వేయొద్దు. క్రౌన్ వీపు పక్కకి ఊగడం 0.20 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ముందు క్రౌన్‌కీ కేసుకీ మధ్య మురికి ఉందేమో చూడండి. క్రౌన్ వ్యాసం 17 అంగుళాల లోపయితే బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే ఆట) 0.20 నుంచి 0.46, 17 లేదా ఆపైనయితే 0.25 నుంచి 0.51 మిల్లీమీటర్లు.

తరువాత రంగు పూసి పళ్ల ముద్ర చూడాలి. పన్నెండు పళ్లకి పూసి, చేత్తో తిప్పండి. లోడు లేని ముద్ర పంటి ఎత్తుకి మధ్యలో, లోపలి కొసకి కాస్త దగ్గరగా పడాలి. లోడు పడ్డాక అదే బయటి కొసవైపు పరుచుకుంటుంది. అందుకే చేత్తో తిప్పినప్పుడు సరిగ్గా నడిమధ్యన పడిందని మురిసిపోకండి. 54 టన్నుల కింద అది అంచుకి పోయి, పంటి కొస విరుగుతుంది. ముద్ర పంటి పైఅంచుకి పోతే షిమ్ములు తగ్గించి పినియన్‌ను లోపలికి జరపండి. పంటి మొదట్లోకి దిగితే షిమ్ములు పెంచండి. లోపలి కొసకి మరీ దగ్గరైతే బ్యాక్‌లాష్ పెంచాలి, బయటి కొసకి పోతే తగ్గించాలి. ఒక్కసారికే కుదరదు. మూడు నాలుగు సార్లు విప్పి బిగించడానికి సమయం ఉంచుకునే ఈ పని మొదలుపెట్టండి.

క్లచ్, చివరగా కంప్యూటరు

15.5 అంగుళాల రెండు ప్లేట్ల క్లచ్, 1,850 పౌండ్ అడుగులకి తగ్గనిది కావాలి. రిలీజు బేరింగుకీ క్లచ్ బ్రేకుకీ (బండి ఆగి ఉన్నప్పుడు గేరు పడేలా గేర్‌బాక్సు లోపలి షాఫ్టును ఆపే ప్లేటు) మధ్య అరంగుళం, ఫోర్కుకీ బేరింగుకీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ. బండి నడుస్తుండగా పెడలును నేలకి తొక్కితే క్లచ్ బ్రేకు చెవులు విరుగుతాయి.

ఇంజిను కంప్యూటరులో కొత్త యాక్సిల్ నిష్పత్తి, గేర్‌బాక్సు నిష్పత్తులు, టైరు చుట్లు ఎక్కించకపోతే బండి 74 కిలోమీటర్లు పోతుంటే మీటరు 90 చూపిస్తుంది, వేగ పరిమితి ముందే పడిపోతుంది.

అభ్యాసం

ఇదే బండికి కిలోమీటరుకు 295 చుట్లు తిరిగే, 0.539 మీటర్ల వ్యాసార్థం ఉన్న పెద్ద టైర్లు వేసి, నిష్పత్తి 4.30 పెట్టారు. గేర్‌బాక్సు 18 స్పీడే. కదిలించే శక్తి, 90 కిలోమీటర్ల దగ్గర ఇంజిను చుట్లు లెక్కకట్టండి. 20.3 శాతం, 1,389 వస్తే మీ పద్ధతి సరైనదే. 4.10తో చిన్న టైరుకి వచ్చిన అంకెలతో పోల్చి, పెరిగిన నిష్పత్తి ఎక్కడికి పోయిందో రెండు వాక్యాల్లో రాసుకోండి. 5వ పాఠంలో బ్రేకుల లెక్కకి అది కావాలి.