అబ్బాయికి కాలేజీ బేస్‌బాల్ ఆఫర్ వచ్చిందా? ఎంఎల్‌బీ డ్రాఫ్ట్‌ను లెక్కలోకి ఎలా తీసుకోవాలి?

ఎంఎల్‌బీ అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్, అమెరికా ప్రొఫెషనల్ లీగ్. దాని క్లబ్బులు కొత్త ఆటగాళ్లను రౌండ్ల వారీగా, వంతులు వేసుకుని ఎంచుకోవడమే డ్రాఫ్ట్. ఒక్కో ఎంపిక ఒక పిక్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ప్రతి వీకెండ్ పిల్లల్ని ట్రావెల్ బాల్ టోర్నమెంట్లకు తిప్పే మన తల్లిదండ్రుల్లో చాలామంది “మావాడు డ్రాఫ్ట్‌లో పోయేంత ఆటగాడు కాదులెండి, ఆ గొడవ మాకెందుకు?” అంటారు. నిజానికి డ్రాఫ్ట్ దెబ్బ ఎక్కువగా తగిలేది డ్రాఫ్ట్ కాని పిల్లలకే. ఒక కాలేజీలో ఎవరు ఉంటారో, ఎవరు పోతారో, స్కాలర్‌షిప్‌లో ఎంత మిగులుతుందో ఏటా జులైలో తేలుతుంది. ఆగస్టులో క్లాసులు మొదలవుతాయి. మధ్యలో ఉండేది కొన్ని వారాలే. కాబట్టి ఆఫర్ చేతికొచ్చిన రోజు నుంచే డ్రాఫ్ట్‌ను దృష్టిలో పెట్టుకోవాలి.

ముందు ఒక అపోహ. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. వేలంలో ఆటగాడి కోసం జట్లు పోటీపడతాయి, రేటు పెరుగుతుంది. డ్రాఫ్ట్‌లో ఒక క్లబ్ మిమ్మల్ని ఎంచుకుందంటే ఆ ఏడాది మీరు బేరం ఆడగలిగేది ఆ ఒక్క క్లబ్‌తోనే. మీ చేతిలో ఉండే ఆయుధం కూడా ఒక్కటే: “నచ్చకపోతే కాలేజీకి వెళ్లిపోతాను” అనగలగడం.

1. మీ అబ్బాయి ఎప్పుడు డ్రాఫ్ట్ పరిధిలోకి వస్తాడో తేల్చుకోండి

అమెరికా, కెనడా, ప్యూర్టోరికో నివాసులకు, అమెరికా స్కూళ్లలో, కాలేజీల్లో చదివేవాళ్లకు డ్రాఫ్ట్ వర్తిస్తుంది. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. 2024లో మొదటి పిక్‌గా క్లీవ్‌లాండ్ క్లబ్ తీసుకున్న ట్రావిస్ బజానా ఆస్ట్రేలియా కుర్రాడు, ఒరెగన్ స్టేట్‌లో చదివాడు కాబట్టి డ్రాఫ్ట్ ద్వారానే వచ్చాడు. హైదరాబాద్‌లో ఉండి ఆడే పిల్లాడికి మాత్రం ఈ దారి లేదు. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకం చేయించుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ డ్రాఫ్ట్‌తో సంబంధం లేకుండా వెళ్లినవాళ్లే.

హైస్కూల్ పూర్తయి ఇంకా కాలేజీలో చేరని ఏడాది మొదటి అవకాశం. నాలుగేళ్ల కాలేజీలో చేరితే, మూడో ఏడాది పూర్తయ్యేవరకో లేక 21 ఏళ్లు నిండేవరకో ఎవరూ ముట్టుకోలేరు. రెండేళ్ల జూనియర్ కాలేజీలో చేరితే ఏటా డ్రాఫ్ట్‌కు అర్హుడే. బ్రైస్ హార్పర్ హైస్కూల్ తొందరగా ముగించి సదరన్ నెవాడా జూనియర్ కాలేజీకి వెళ్లింది, 2010లోనే మొదటి పిక్ అయింది ఈ దారి వల్లే.

పుట్టినతేదీ కూడా ఓసారి చూసుకోండి. క్లాసులో వయసు కాస్త ఎక్కువున్న కుర్రాడు కాలేజీ రెండో ఏడాదికే 21 దాటి డ్రాఫ్ట్ పరిధిలోకి వచ్చేస్తాడు. ఇంకా రెండేళ్లు కాలేజీలో ఆడే వీలుంటుంది కాబట్టి బేరంలో అతనిదే పైచేయి. నాలుగో ఏడాది పూర్తి చేసినవాడికి వెనక్కి వెళ్లే చోటుండదు. అందుకే కొన్ని క్లబ్బులు 6 నుంచి 10వ రౌండ్ మధ్య అలాంటివాళ్లను ఏ పదివేల డాలర్లకో తీసుకుని మిగిలిన డబ్బు వేరేవాళ్ల మీద పెడతాయి. ప్రతిభ ఒకటే అయినా కాలం కలిసిరాకపోతే ఇంతే.

బాస్కెట్‌బాల్‌లోలా “నేను డ్రాఫ్ట్‌కు వస్తున్నాను” అని పేరు ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. అర్హత ఉంటే క్లబ్ ఎంచుకుంటుంది, అంతే. ఎంచుకున్నా సంతకం చేయకపోతే కాలేజీ బేస్‌బాల్ అర్హత పోదు. సంతకం చేస్తే మాత్రం పోతుంది.

2. డబ్బు ఎలా కదులుతుందో అర్థం చేసుకోండి

టెన్షన్ అంతా ఇక్కడే మొదలవుతుంది, కాస్త ఓపికగా చదవండి.

మొదటి 10 రౌండ్లలో ప్రతి పిక్‌కు ఎంఎల్‌బీ ఒక విలువ కడుతుంది. దాన్ని స్లాట్ అంటారు. ఒక క్లబ్ స్లాట్‌లన్నీ కలిపితే దాని బోనస్ పూల్, అంటే సంతకం చేసే ఆటగాళ్లకు ఇచ్చే డబ్బు మూట. పూల్‌ను ఎవరి మీద ఎంత ఖర్చుపెట్టాలన్నది క్లబ్ ఇష్టం. 5 శాతానికి మించి దాటితే భవిష్యత్తులో మొదటి రౌండ్ పిక్ పోతుంది. అందుకే అక్కడిదాకా ఎవరూ వెళ్లరు. ఒకరి దగ్గర మిగిల్చి ఇంకొకరికి ఇస్తారు. 2025లో వాషింగ్టన్ మొదటి పిక్‌గా 17 ఏళ్ల ఎలై విలిట్స్‌ను తీసుకుంది. ఆ స్థానానికి స్లాట్ దాదాపు 1.1 కోట్ల డాలర్లు, అతను సంతకం చేసింది 82 లక్షలకు. మిగిలింది కింది రౌండ్లలో గట్టిగా అడిగే పిల్లల కోసం.

ఈ లెక్కను కుమార్ రాకర్ కథలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. తల్లి వైపు భారతీయ మూలాలున్న ఈ పిచర్ (బంతి విసిరేవాడు) 2018లో జార్జియాలో హైస్కూల్ ముగించాడు. మొదటి రౌండ్ స్థాయి అని చెప్పుకున్నా, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకే వెళ్తాడని క్లబ్బులకు అర్థమై పక్కన పెట్టాయి. చివరికి కొలరాడో 38వ రౌండ్‌లో తీసుకుంది, అతను కాలేజీకే వెళ్లాడు. 2019లో డ్యూక్‌పై 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేసి, వాండర్‌బిల్ట్‌ను జాతీయ టైటిల్ దాకా తీసుకెళ్లాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ పిక్‌గా తీసుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలు వచ్చాయి. మెడికల్ రిపోర్టు చూశాక మెట్స్ వెనక్కి తగ్గింది. రాకర్ ఎంఎల్‌బీ క్లబ్బులతో సంబంధం లేని ఇండిపెండెంట్ లీగ్‌లో కొన్నాళ్లు ఆడాడు. 2022లో టెక్సాస్ రేంజర్స్ 3వ పిక్‌గా తీసుకుని 52 లక్షలు ఇచ్చింది.

రాకర్‌కు ఇచ్చింది స్లాట్ కంటే 20 లక్షలకు పైగా తక్కువ. మిగిల్చిన డబ్బుతో రేంజర్స్ నాలుగో రౌండ్‌లో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూల్ పిచర్‌కు 37 లక్షలు ఇచ్చింది. పోర్టర్ క్లెమ్సన్ యూనివర్సిటీకి కమిట్ అయినవాడు, అంటే అక్కడ చేరతానని మాటిచ్చినవాడు. అంటే వాండర్‌బిల్ట్‌లో చదివిన ఒకతని బేరం వల్ల క్లెమ్సన్ తన కొత్త బ్యాచ్‌లోని పిచర్‌ను కోల్పోయింది. ఆ వేసవిలో క్లెమ్సన్‌కు వెళ్లే మరో పిచర్‌కు ఇన్నింగ్స్ దొరికే అవకాశం పెరిగి ఉంటే, అందులో అతని గొప్పా లేదు, కోచ్ దయా లేదు.

తలకిందులైతే ఎలా ఉంటుందో కూడా చూడండి. మొదటి 10 రౌండ్లలో ఎవరైనా సంతకం చేయకపోతే ఆ పిక్ స్లాట్ మొత్తం పూల్ నుంచి మాయమవుతుంది. 2014లో హ్యూస్టన్ మొదటి పిక్ బ్రేడీ ఐకెన్ మోచేతి రిపోర్టు దగ్గర బేరం తెగింది. దాంతో ఐదో రౌండ్‌లో తీసుకున్న జేకబ్ నిక్స్‌కు 15 లక్షలు ఇస్తామన్న మాట కూడా గాల్లో కలిసిపోయింది. ఇద్దరూ యూసీఎల్‌ఏకు కమిట్ అయినవాళ్లు. చివరికి ఇద్దరూ అక్కడికీ వెళ్లలేదు. నోటిమాట మీద కాలేజీ సీటు వదులుకోకూడదనడానికి నేను చూపించే ఉదాహరణ ఇదే.

10వ రౌండ్ తర్వాత స్లాట్‌లు లేవు. 1,50,000 డాలర్ల దాకా ఇచ్చింది పూల్‌లో లెక్కకు రాదు, అంతకు మించితే పైన ఉన్నది లెక్కకు వస్తుంది. మొత్తం రౌండ్లు ఒకప్పుడు 40, 2021 నుంచి 20. రాకర్ వెళ్లిన 38వ రౌండ్ ఇప్పుడు లేనేలేదు.

3. మీ అంకె కాగితం మీద రాసుకోండి

స్కౌట్‌లు (ఆటగాళ్లను వెతికే క్లబ్ మనుషులు) ఇంటికొచ్చినా, ఫోన్ చేసినా తిరిగి తిరిగి అడిగేది ఒక్కటే: ఎంతకు సంతకం చేస్తాడు? ఆ రోజు ఉత్సాహంలో నోటికొచ్చింది చెప్పకూడదు. నెలల ముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి.

ఉదాహరణకు 1,50,000 డాలర్ల బోనస్ అనుకుందాం. పన్నులు, ఫీజులు కలిపి మూడో వంతు పోతుందని పెట్టుకుంటే చేతికి లక్ష. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏడాది ఖర్చు 90,000 డాలర్లు దాటుతోంది. మంచి స్కాలర్‌షిప్ చేతిలో ఉండి ఆ లక్ష కోసం వెళ్లడం నాకైతే తెలివైన బేరంగా అనిపించదు. స్కాలర్‌షిప్ పావు వంతే అయి, మిగతాది అప్పు చేయాల్సి వస్తే లెక్క వేరు.

ఎంఎల్‌బీకి కింది మెట్టు అయిన మైనర్ లీగ్ జీతాలు కూడా చూడండి. 2023 ఒప్పందం ప్రకారం అట్టడుగు కాంప్లెక్స్ లీగ్‌లో ఏడాదికి 19,800 డాలర్లు, పై మెట్టు ట్రిపుల్-ఎలో 35,800. 2021లో క్లబ్బుల అనుబంధ మైనర్ జట్లను 120కి కుదించారు. తక్కువ బోనస్‌తో వెళ్లిన కుర్రాడు రెండు సీజన్లు తడబడితే రిలీజ్ చేయడానికి క్లబ్ పెద్దగా ఆలోచించదు. లక్షలు పోసి తీసుకున్నవాడికి ఇంకో ఏడాది టైమ్ ఇస్తుంది. బోనస్ పరిమాణం చెప్పే అసలు సంగతి ఇదే.

సంతకం వైపు మొగ్గితే, భవిష్యత్తు చదువు ఖర్చు క్లబ్ భరించే నిబంధనను కాంట్రాక్టులో రాయించండి. ఎన్ని సెమిస్టర్లకు, ఎన్ని డాలర్లన్నది స్పష్టంగా ఉండాలి. ఆట మానేశాక రెండేళ్లలోపు చదువు మొదలుపెడితేనే అది వర్తిస్తుంది, ఆ గడువు దాటనివ్వకండి.

4. డ్రాఫ్ట్ ప్రశ్నలు కోచ్‌ను సూటిగా అడగండి

మీ అబ్బాయి డ్రాఫ్ట్ దరిదాపుల్లో లేకపోయినా ఈ మెట్టు తప్పదు.

మంచి హైస్కూల్ ఆటగాళ్లలో కొందరు జులైలో చేయిజారతారని కోచ్‌కు తెలుసు. మూడో ఏడాది ముగించిన తన కుర్రాళ్లు కూడా పోతారు. అందుకే అవసరానికి మించి కమిట్‌లు తీసుకుంటాడు, జూన్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) తెరవగానే వేరే కాలేజీల నుంచి అనుభవం ఉన్నవాళ్లను కూడా తెచ్చుకుంటాడు. అనుకున్నంతమంది డ్రాఫ్ట్‌లో పోకపోతే జనం ఎక్కువై, కోత కొత్తగా వచ్చే హైస్కూల్ పిల్లల మీద పడుతుంది.

2025-26 నుంచి ఇది ఇంకా బిగిసింది. హౌస్ సెటిల్‌మెంట్ అనే కోర్టు రాజీ ఒప్పందంలో చేరిన డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీలకు రోస్టర్, అంటే జట్టు జాబితా, 34 మందికే పరిమితం. పాత 11.7 స్కాలర్‌షిప్‌ల పరిమితి తీసేశారు కాబట్టి ఇవ్వదలిస్తే 34 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. ఇవ్వదలిస్తే అన్న మాట గుర్తుంచుకోండి, అందరి దగ్గరా ఆ డబ్బు లేదు. పైగా ఆటగాడు ఫలానా కాలేజీలో చేరతానని సంతకం చేసే ఒకప్పటి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024లో రద్దు చేశారు. ఇప్పుడు మీ చేతిలో ఉండేది ఆర్థిక సహాయ ఒప్పందం. నోటిమాట కమిట్‌మెంట్‌కు ఇరువైపులా ఏ కట్టుబాటూ లేదు.

అడగాల్సినవి ఇవి. డ్రాఫ్ట్‌లో ఒక్కరూ పోకపోయినా మావాడికి 34లో చోటుందా? అదే పొజిషన్‌లో మూడో ఏడాది వాళ్లు ఎంతమంది, వాళ్లలో పోయేది ఎవరని మీ అంచనా? స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, ఎక్కువ ఏళ్లకా? గాయమైతే ఉంటుందా?

“సార్‌ను అలా నిలదీస్తే ఏమనుకుంటారో” అని మనవాళ్లు మొహమాటపడతారు. అక్కడి కోచ్‌లకు ఇది రోజూ వినే ప్రశ్నే. అడిగితే తప్పుపట్టే కోచ్ ఉంటే, ఆ సంగతి ముందే తెలిసినందుకు సంతోషించండి.

జవాబు ఎంత తియ్యగా ఉన్నా మీరే ఒకసారి సరిచూసుకోండి. కాలేజీ వెబ్‌సైట్‌లో పాత రోస్టర్లు ఉంటాయి. మూడేళ్ల కింద మొదటి ఏడాదిలో ఉన్న పేర్లు రాసుకుని, మరుసటి ఏడాది ఎన్ని మిగిలాయో చూడండి. పోయినవాళ్లలో డ్రాఫ్ట్ అయినవాళ్లు ఎంతమంది, వేరే కాలేజీకి మారినవాళ్లు ఎంతమంది అన్నది విడదీయండి. సగం మంది మారిపోతున్న చోట ఎంత మంచి గ్రౌండ్ ఉన్నా ఆలోచించాల్సిందే.

5. మెడికల్, అడ్వైజర్ విషయాలు వాయిదా వేయకండి

డ్రాఫ్ట్ అంచనాల్లో ఉన్న టాప్ 300 మందికి ముందస్తు వైద్య పరీక్షలు ఉంటాయి. పరీక్ష చేయించుకున్నవాడిని తీసుకున్న క్లబ్ స్లాట్‌లో కనీసం 75 శాతం ఆఫర్ చేయాల్సిందే. రాకర్ విషయంలో జరిగింది చూశాక ఈ రక్షణను వదులుకోవడానికి, నా దృష్టిలో, గట్టి కారణం ఉండాలి.

అడ్వైజర్‌ను, ఏజెంట్‌ను పెట్టుకునే ముందు కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకు (క్రీడా నియమాలు చూసే విభాగానికి) ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రాడి తరఫున ఏజెంట్ బేరం చేయవచ్చు. సంతకం కుదరకపోతే కాలేజీలో చేరకముందే ఆ ఏజెంట్‌తో ఒప్పందం ముగించాలి. కాలేజీలో ఉన్నవాళ్లకు నియమాలు వేరు, వాట్సాప్ గ్రూపుల్లో విన్నదాన్ని నమ్మకండి.

6. డ్రాఫ్ట్ రోజుల్లో ఫోన్ దగ్గర ఒక్కరే ఉండాలి

క్లబ్ పిలిచి “ఇంతకు ఒప్పుకుంటే ఈ పిక్‌లో తీసుకుంటాం” అంటుంది. ఆలోచించుకోవడానికి నిమిషాలే దొరుకుతాయి. మూడో మెట్టులో రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని, ఎవరు మాట్లాడాలో ముందే నిర్ణయించుకోండి. నాన్న ఒక అంకె, అబ్బాయి ఇంకో అంకె చెప్పారంటే క్లబ్ తక్కువదాన్నే పట్టుకుంటుంది.

సంతకాల గడువు జులై ఆఖరు, ఆగస్టు మొదటి రోజుల ప్రాంతంలో ముగుస్తుంది. అప్పటివరకు హాస్టల్ డిపాజిట్, కోర్సుల రిజిస్ట్రేషన్, టీకాల పత్రాలు ఏవీ ఆపకండి. గడువు దాటిన రోజే కోచ్‌కు ఫోన్ చేసి, డ్రాఫ్ట్ తర్వాత రోస్టర్ ఎలా ఉందో, మీ అబ్బాయి పొజిషన్‌లో కొత్తగా ఎవరొచ్చారో కనుక్కోండి. మొత్తం మారిపోయిందని తెలిస్తే, జూనియర్ కాలేజీల్లో ఆగస్టులో కూడా చోటు దొరకవచ్చు. అందుకోసం రెండు మూడు కాలేజీల కోచ్‌ల నంబర్లు జూన్‌లోనే తీసి పెట్టుకోండి.