తారు స్టేజిలో మలుపు కోతను అడ్డుకోవడం ఎలా

సౌత్ ఇండియా కార్ల ర్యాలీ చూసి మార్షల్ పనిలోకి, అంటే దారి పక్క నిలబడి భద్రత చూసే పనిలోకి వచ్చిన చెన్నై తెలుగువాళ్లకు మట్టి స్టేజిలే (కార్లు ఒక్కొక్కటిగా సమయంతో పోటీపడే, మూసేసిన దారులు) ఎక్కువ అలవాటు. అక్కడ ముందు వెళ్లే కారు దారిని ఊడ్చిపెడుతుంది. తారు మీద ఇది తిరగబడుతుంది: ముందు కారు మలుపు లోపలి అంచు దాటి మార్జిన్‌లోకి రెండు చక్రాలు దించి మలుపును కోసిందంటే, అది లాక్కొచ్చిన మట్టీ కంకరా వెనక వచ్చే ప్రతి కారుకూ సరిగ్గా మలుపు మధ్యలోనే ఎదురవుతాయి. ఎక్కడ కోయవచ్చో డ్రైవర్లు పేస్ నోట్స్‌లోనే (మలుపు మలుపుకూ ముందే రాసుకునే గుర్తుల్లోనే) రాసుకుంటారు కాబట్టి, వద్దని చెప్పి ఊరుకుంటే ఆగదు, అడ్డు పెట్టవలసిందే.

ముందుగా స్టేజి అంతా నడిచి చూడండి. లోపలి వైపు కాలువో, కల్వర్టు గోడో ఉన్న మలుపును వదిలేయవచ్చు. మార్జిన్ తారుతో సమానంగా, మెత్తగా ఉన్నచోటే గండం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే మన ఈశాన్య రుతుపవనాల్లో ఆ మెత్తదనం బురదవుతుంది.

అడ్డును తారు మీద కాక, అంచుకు ఆనుకొని మార్జిన్‌లో పెట్టాలి. మలుపు కడుపులో ఒక్కటే పెడితే దాన్ని దాటగానే లోపలికి దిగుతారు. అందుకే బయటికి వెళ్లే వైపు కూడా, కారు దూరలేనంత ఎడంతో మరి రెండు ఉండాలి. బండరాయి, కాంక్రీటు దిమ్మె నా దృష్టిలో పనికిరావు, ఎందుకంటే తగిలితే చక్రం విరగడమే కాక కారు అవతలి అంచుకు ఎగిరిపడవచ్చు. గడ్డిమోపు పగిలి దారంతా పరుచుకుంటుంది. వంగి లేచే ప్లాస్టిక్ స్తంభాలు మేలు. అవి దొరకకపోతే పాత టైర్లను బోల్టులతో బిగించి, అడుగు టైరులో ఇసుక మూట పెట్టండి.

ఇదంతా రెక్కీకి (డ్రైవర్లు నోట్స్ కోసం దారిని ముందుగా చూసుకునే తిరుగుడుకు) ముందే పూర్తయి, పోటీదారులకిచ్చే దారి వివరాల పుస్తకమైన రోడ్ బుక్‌లో కనిపించాలి. నోట్స్ రాసుకున్నాక కొత్త అడ్డు వెలిస్తే అదే ప్రమాదం.

ప్రతి అడ్డు పక్కన తారు అంచున పెయింటుతో గుర్తు వేసుకోండి. కారు గుద్ది పక్కకు జరిగిన అడ్డును అంగుళం తేడా లేకుండా మళ్లీ అక్కడే నిలపవచ్చు. అయితే ఆ స్టేజికి బాధ్యుడైన స్టేజ్ కమాండర్ అనుమతి రానిదే దారిలోకి దిగకూడదు, కార్ల మధ్య వ్యవధి నిమిషమో రెండు నిమిషాలో ఉంటుందంతే. లోపలి మార్జిన్‌లో ముగ్గు పోసినట్టు పలచగా సున్నం చల్లి ఉంచితే, ఎవరి చక్రం దిగిందో తెల్లటి జాడే చెబుతుంది.