ఆటోమేటిక్ గేర్ ఆయిల్: ఏది పోయాలి, ఎలా మార్చాలి

పోయిన వేసవిలో గుడివాడ నుంచి ఒక టీచరమ్మ కారు తెచ్చారు. 2017 క్రెటా, డీజిల్ ఆటోమేటిక్, మీటరు మీద 82 వేల కిలోమీటర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. "రివర్స్ వేస్తే కాసేపు కదలదండీ, తర్వాత దబ్బుమని తగులుకుంటుంది" అన్నారు. గేర్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారా అమ్మా అంటే, "ఆటోమేటిక్‌కి అసలు మార్చక్కర్లేదని చెప్పారు కదా" అన్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో పందొమ్మిదేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. దానికి మూలం కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఉంది. మామూలు వాడకానికి మార్చనవసరం లేదని చాలా పుస్తకాల్లో రాసి ఉంటుంది. కానీ కఠిన వాడకం అని పక్కనే ఇంకో పట్టిక ఉంటుంది. ఆగుతూ సాగే ట్రాఫిక్, బాగా వేడి ఉండే ప్రాంతం, కొండదారులు, బరువు లాగడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. బెంజి సర్కిల్ ట్రాఫిక్, మే నెల బెజవాడ ఎండ, ఏడాదికి రెండుసార్లు తిరుమల ఘాట్ కలిపితే మన బళ్లలో చాలా వరకు ఆ రెండో పట్టికలోవే. అందుకే మా షెడ్డుకి వచ్చే టార్క్ కన్వర్టర్ బళ్లకి, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే ఆటోమేటిక్‌లకి, 60 వేల దగ్గర మార్చమంటాను. గేర్ల బదులు పుల్లీలు, బెల్టు ఉండే సీవీటీ అయితే ఇంకా ముందే, 40 వేలకి.

ఇంజన్ ఆయిల్ పని ప్రధానంగా అరుగుదల ఆపడం. ఈ ఆయిల్‌కి అంతకంటే ఎక్కువ బాధ్యత ఉంది. గేర్లు మార్చే ప్రెషర్ ఇదే, చక్రాలకి శక్తి అందించే మాధ్యమం ఇదే, వేడి మోసుకెళ్లి కూలర్‌లో వదిలేదీ ఇదే. లోపల క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా ఇందులో కలిపిన మందులే నిర్ణయిస్తాయి. వేడికి ఆ మందులు చచ్చుబడతాయి, ఆయిల్ పలచబడుతుంది. అప్పుడే ఆ ఆలస్యం, ఆ దబ్బుమనే జర్క్.

ఏ ఆయిల్ కొనాలో చూసేముందు మీ బండిలో ఏ రకం గేర్‌బాక్స్ ఉందో తేల్చుకోండి. రెండే పెడల్స్ ఉన్నవాటన్నిటినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. లోపల కనీసం నాలుగు రకాలున్నాయి. మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీ బళ్లలో లివర్ మీద పార్క్ అనే పి గుర్తు ఉండదు. లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మన బదులు యంత్రం వేస్తుంది. దానికి మామూలు గేర్ ఆయిల్ పోస్తారు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) కాదు. మిగతా మూడు టార్క్ కన్వర్టర్, సీవీటీ, రెండు క్లచ్‌లుండే డీసీటీ. మూడింటికీ మూడు వేరు ఆయిల్స్. బండి పేరు చూసి ఇందులో ఏదో చెప్పేయలేం. 2020లో వచ్చిన క్రెటానే తీసుకోండి: 1.5 పెట్రోల్‌లో హ్యుందాయ్ ఐవీటీ అని పిలిచే సీవీటీ, 1.4 టర్బోలో డీసీటీ, డీజిల్‌లో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. "క్రెటా ఆటోమేటిక్ ఆయిల్ ఇవ్వన్నా" అని కౌంటర్‌లో అడిగితే ఏది ఇవ్వాలో షాపువాడికి ఎలా తెలుస్తుంది?

పుస్తకం తీసి, ఆయిల్స్ పట్టికలో ట్రాన్స్‌మిషన్ ఎదురుగా ఉన్న పేరు అక్షరం కూడా వదలకుండా రాసుకోండి. టీచరమ్మ క్రెటాకి ఎస్‌పీ-4. పాత నాలుగు గేర్ల వెర్నాకి ఎస్‌పీ-3. రెండూ ఒకే కంపెనీవి, రెండూ ఎర్రగానే ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి పోయకూడదు. ఎస్‌పీ-4 పలచన, ఎస్‌పీ-3 చిక్కన. క్రిస్టా ఆటోమేటిక్‌కి టొయోటా డబ్ల్యూఎస్, హోండా సిటీ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2. కంపెనీ డబ్బానే కొనాలని నేను అనను. పేరున్న ఆయిల్ కంపెనీలూ ఈ స్పెసిఫికేషన్‌కి తగ్గవి చేస్తాయి. కాకపోతే డబ్బా వెనుక ఆ పేరు అచ్చయి ఉండాలి. అన్ని బళ్లకీ పనికొస్తుంది అనే ఒక్క ముక్క చాలదు. సీలు చూడండి, బ్యాచ్ నంబరు చూడండి, బిల్లు అడిగి తీసుకోండి.

రంగు చూసి మాత్రం కొనకండి. ఆటోనగర్ కౌంటర్లలో ఇప్పటికీ "ఎర్ర ఆయిల్ ఒక లీటరు" అని అడిగేవాళ్లున్నారు. చాలా పాత బళ్ల పవర్ స్టీరింగ్‌లో పోసేదీ ఏటీఎఫే కాబట్టి, ఎర్రది అడిగితే డెక్స్రాన్-3 అనే పాత రకం ఏటీఎఫ్ చేతికొస్తుంది. ఆ ఎరుపు ఒట్టి రంగు మందు, లీకైతే ఇంజన్ ఆయిల్‌తో పొరబడకుండా ఉండటానికి కలిపింది. నాలుగేళ్ల కిందట ఒకాయన సీవీటీ బండిని టో చేయించుకుని తెచ్చారు. వేరే ఊళ్లో ఎవరో ఈ ఎర్ర ఆయిలే పోశారు. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. లోహం లోహాన్ని జారకుండా పట్టుకోవాలి. టార్క్ కన్వర్టర్ బాక్స్‌ల ఏటీఎఫ్‌ని క్లచ్ ప్లేట్ల లైనింగ్ మెత్తగా పట్టుకునేలా తయారు చేస్తారు. అది పోసేసరికి బెల్టు జారి పుల్లీ ముఖాల మీద గీతలు పడ్డాయి. వేలితో తడిమితే గోటికి తగిలేంత లోతు. బాక్స్ మొత్తం మార్చడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. ఆయన బెంచీ మీద కూర్చున్న తీరు ఇంకా గుర్తుంది నాకు.

ఇక మార్చే పని. టీచరమ్మ బండికి ఎలా చేశానో అలాగే చెబుతాను. ఎస్‌పీ-4 వాడే హ్యుందాయ్, కియా ఆరు గేర్ల బాక్స్‌లు చాలావాటికి ఇదే వరస. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉన్న బళ్లకి లెవెల్ చూడటం తేలిక, వాటి సంగతి పుస్తకంలో ఉంటుంది.

ముందు ఒక రౌండు తిప్పుకొచ్చాను, ఆయిల్ గోరువెచ్చనయ్యేదాకా. సలసలా కాగుతున్నప్పుడు విప్పితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. బండిని ర్యాంప్ మీద సమంగా నిలబెట్టాను. ఇంట్లో చేసుకునేవాళ్లు నాలుగు వైపులా స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరొద్దు. ముందు వైపే లేపితే లెవెల్ తప్పుగా చూపిస్తుంది కూడా.

డ్రెయిన్ బోల్టు విప్పే ముందు పైన ఆయిల్ పోసే బోల్టు విప్పి చూడండి. ఈ క్రమం తప్పొద్దని మా కుర్రాళ్లకి మొదటి రోజే చెబుతాను. ఆయిలంతా కార్చేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది, మళ్లీ నింపే దారుండదు. క్రెటాలో అది గేర్‌బాక్స్ పైభాగాన ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ పైపు తప్పిస్తే చెయ్యి పడుతుంది. చుట్టూ దుమ్ము బనియన్ గుడ్డతో శుభ్రంగా తుడిచాకే విప్పండి. లోపల ఆయిల్ ప్రెషర్‌ని గేర్లకి పంచే వాల్వ్ బాడీ దారులు చాలా సన్నం, ఇసుక రేణువు చాలు ఇరుక్కోవడానికి.

తర్వాత కింద శుభ్రమైన ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు తీశాను. మొదట ధార, తర్వాత చుక్కలు. ఇరవై నిమిషాలు వదిలేశాను. ఆ టైములో ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి చూశాను. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా పారదర్శకంగా ఎర్రగా ఉంటుంది. టీచరమ్మది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, ముక్కు దగ్గర పెడితే కొద్దిగా మాడు వాసన. అయస్కాంతం ట్రేలో తిప్పితే బూడిద రంగు మెత్తని పేస్టు అంటుకుంది. ఆ పేస్టు మామూలు అరుగుదలే. వేళ్ల మధ్య గుచ్చుకునే ముక్కలు వస్తే మాత్రం ఆయిల్ మార్చి లాభం లేదు, బాక్స్ విప్పాల్సిందే.

ఇంకో రంగు గురించి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన బళ్లలో ఆయిల్ అచ్చం రోజ్‌మిల్క్‌లా ఉంది. గేర్‌బాక్స్‌కి ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు దాంట్లోంచి దిగుతాయి. రేడియేటర్‌లోనే కూలర్ ఉండే బళ్లలో అది చిల్లు పడినా కూలెంట్ కలిసి అదే రంగు వస్తుంది. నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల లైనింగ్ ఊడిపోతుంది. అలాంటి బండిని స్టార్ట్ చేయొద్దు, కనీసం సెల్ఫ్ కూడా కొట్టొద్దు. చక్రాలు నేల మీద తిరగకుండా లారీ మీద ఎక్కించి తీసుకెళ్లి ముందు ఆయిల్ దించండి.

కారిన ఆయిల్‌ని గీతలున్న సీసాల్లో పోసి కొలిచాను: 3 లీటర్ల 600 మిల్లీలు. బాక్స్‌లో మొత్తం పట్టేది దాదాపు 7 లీటర్లు. అంటే సగం ఇంకా టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోయింది. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేసి, బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో 40 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాను. పానాకి పైపు తగిలించి లాగితే అల్యూమినియం కేసులో మర పోతుంది. పై నుంచి పొడుగు గొట్టం ఉన్న గరాటుతో కారినంతా పోసి, ఇంకో 700 మిల్లీలు అదనంగా పోశాను. ఎక్కువైంది తర్వాత అదే బయటికొస్తుంది.

లెవెల్ చూడటం దగ్గరే చాలామంది తొందరపడతారు. నాకు తెలిసి ఆయిల్ మార్చాక వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడ పుట్టినవే. వేడెక్కితే ఆయిల్ పొంగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి సరిపోయింది అనుకుంటే వేడి మీద ఎక్కువై నురగ కడుతుంది. బాగా కాగినప్పుడు చూస్తే ఎక్కువ కారిపోయి తక్కువ మిగులుతుంది. ఈ బాక్స్‌కి 50 నుంచి 60 డిగ్రీల మధ్య చూడాలి. ఆయిల్ వేడి ఎంతో చూపించే స్కానర్ తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాను. బ్రేక్ మీద కాలుంచి లివర్‌ని పి, ఆర్, ఎన్, డి, ఒక్కో చోట రెండు సెకన్లకి తగ్గకుండా ఆపుతూ రెండుసార్లు తిప్పాను. ఎక్సలేటర్ తొక్కలేదు. పి లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, మా కుర్రాడిని బ్రేక్ మీద కాలు తియ్యొద్దని చెప్పి కూర్చోబెట్టాను. 54 డిగ్రీలు చూపించగానే, ఇంజన్ నడుస్తూండగానే, కింద లెవెల్ బోల్టు విప్పాను. లావుగా ధార వచ్చింది. అది సన్నబడి నూలుపోగంత అయ్యాక కొత్త వాషర్‌తో బిగించేశాను. విప్పగానే ఏమీ రాకపోతే తక్కువున్నట్టు. ఇంజన్ ఆపి, అర లీటరు పోసి, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

మిషన్ పెట్టి ఫ్లష్ చేసేద్దామా అని టీచరమ్మ భర్త ఫోన్‌లో అడిగారు. 82 వేలు మార్చకుండా నడిచి, మాడు వాసన కొడుతున్న బాక్స్‌కి నేను ప్రెషర్‌తో ఫ్లష్ చేయను. ఎక్కడో కూర్చున్న మడ్డి కదిలి వాల్వుల్లోకి చేరుతుందని నా భయం. దించి నింపే పద్ధతినే, వెయ్యి కిలోమీటర్లకోసారి, మూడుసార్లు చేద్దాం అన్నాను. ఒక్కోసారి సగం మారుతుంది కాబట్టి మొదటిసారికి 50 శాతం కొత్తది, రెండోసారికి 75, మూడోసారికి 87. ఆయిల్ ఖర్చు ఎక్కువే, దాచకుండా ముందే లెక్క చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

స్కానర్‌తో గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత లెక్కలు చెరిపి, కానూరు దాకా మెల్లగా నడిపి చూశాను. రివర్స్‌లో ఆలస్యం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. రెండోసారి దించినప్పుడు ఆయిల్ టీ రంగుకి వచ్చింది. మూడోసారి ఎరుపు కనిపించింది, దబ్బుమనడం ఆగిపోయింది.

పాత ఆయిల్ కాలవలో పోయకండి. మా వీధిలో వాడిన ఆయిల్ కొనేవాళ్లు డ్రమ్ములతో వస్తారు, వాళ్లకే ఇస్తాం. ఇంట్లో మార్చుకుంటే డబ్బాల్లో పట్టి దగ్గర్లోని షెడ్డులో ఇవ్వండి. డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్తంభం మీద తేదీ, కిలోమీటర్లు, ఎస్‌పీ-4 అని రాసి స్టిక్కర్ అంటించాను. మళ్లీ ఎవరు విప్పినా వాళ్లకి ముందు అది కనిపిస్తుంది.